మన్షియాలో ఒక ఆదివారం

ఆ ఆదివారం ఘనాలోని కుమాసిలో అక్వాసిడే. 42 రోజులకోసారి అసంతె రాజు కొలువు తీరే రోజు. మన్షియా రాజభవనంలో కాలు పెట్టేసరికే డోళ్ల మోత గుండెల మీద పడింది. ఇప్పటి రాజు ఒతుంఫువో ఒసెయి టుటు 1999 నుంచి గద్దె మీద ఉన్నాడు. ఎదుటికి వెళ్లే పెద్దమనుషులంతా చెప్పులు విడిచి, భుజమ్మీది కెంటే బట్ట కిందికి దించుకుంటున్నారు. జమీందారు ఎదుట కండువా దించడం మా తాతగారు చెబితే విన్నాను. కళ్లారా చూడటం ఇక్కడే.

రాజుతో ఎవరూ నేరుగా మాట్లాడరు. బంగారు రేకు తొడిగిన కర్ర పట్టుకున్న ఒచ్యామే మధ్యలో మాట అందిస్తాడు. అలాంటి కర్రల కొసన గుడ్డు పట్టిన చెయ్యి చెక్కుతారు. బిగిస్తే చితుకుతుంది, వదిలితే పడుతుంది, అధికారం అంతే అని.

పక్కనే మ్యూజియం. 1925లో బ్రిటిష్‌వాళ్లు కట్టించిన ఇల్లు. సీషెల్స్ ప్రవాసం నుంచి 1924లో తిరిగొచ్చిన అసంతె రాజు మొదటి ప్రెంపె, ఖర్చంతా తన ప్రజలు తీర్చేదాకా ఇందులో అడుగు పెట్టలేదట. ఊరికే ఇచ్చిన ఇంట్లో ఉంటే ఇచ్చినవాడి మాట వినాలి మరి!

ఘనా 1992 రాజ్యాంగం ఇలాంటి రాజుల, చీఫ్‌ల వ్యవస్థకు హామీ ఇచ్చింది, పార్టీ రాజకీయాల్లో మాత్రం దిగొద్దంది. మన రాజులకు 1971లో భరణాలు పోయాయి కానీ ఎన్నికల్లో నిలబడే హక్కు ఉంది. ఇక్కడ తిరగేసిన లెక్క.

అసలు పేచీ భూమి దగ్గర. ఇక్కడ గద్దె అంటే పీట. దాని పేరిట ఉండేవి గద్దె భూములు. వాటి రాబడిని ప్రభుత్వమే వసూలు చేస్తుంది. ఆ వసూలు ఖర్చుకు 10 శాతం తీసి, మిగిలినదాంట్లో 55 శాతం జిల్లా అసెంబ్లీకి, 25 గద్దెకు, 20 సంప్రదాయ పెద్దల మండలికి. రాజ్యాంగంలోనే రాసిపెట్టారు.

తిరుగు దారిలో టాక్సీ అతను తన స్థలం కథ చెప్పాడు. ముందు ఊరి చీఫ్‌కి ‘డ్రింక్ మనీ’. పూర్వం ఒక మందు సీసా ఇస్తే చాలు, ఇప్పుడు నోట్ల కట్ట. తర్వాత ఆ కాగితం మన్షియా ఆమోదానికి, అక్కడినుంచి ల్యాండ్స్ కమిషన్‌కి.

“ఆ డబ్బులో 55 శాతం జిల్లాకి వెళ్లిందా?” అన్నాను.

అద్దంలో నన్ను చూసి నవ్వాడు.

“అది తాగడానికిచ్చింది సార్. అద్దె కాదుగా!”