బైబిలులో దాచిన కార్డు



ఈ సంగతి వ్రాయుటకు మేము చాలాకాలం వెనుకాడాము. సేవకులు తమ పొరపాటును సంఘ పత్రికలో వ్రాసుకోవడం సులువు కాదు. ఆ కుటుంబము వారే వ్రాయమన్నారు గనుక వ్రాస్తున్నాము.

2022 ఆగస్టులో ఒక సాయంకాలం మా సంఘములోని ఒక తల్లి వచ్చి, "అయ్యగారూ, పిల్లకి ఎనిమిదో నెల. పుట్టింటికి తెచ్చి వారమైంది. రెండు రోజులనుండి ఒకటే తలనొప్పి. మొహం వాచింది, కళ్ళు మసకలంటోంది. మీరూ అమ్మగారూ వచ్చి ప్రార్థన చేయండి" అని బ్రతిమాలింది. మేమిద్దరమూ వెళ్ళాము. చూలాలికి నీరు పట్టడం మామూలేనని ఇరుగుపొరుగు వారు చెప్పి, ఉప్పు మాన్పించారు. ఆ అమ్మాయి ఉంగరం వేలికి బిగిసిపోయి ఉంది. అదీ చూశాము. ఆ ఇంటి పెద్ద బైబిలు తెరిచి ఒక కీర్తన చదివి, అరగంట మోకాళ్ళమీద ప్రార్థించి, టీ త్రాగి వచ్చేశాము. ఆసుపత్రి మాట ఎత్తలేదు.

తెల్లవారుజామున కబురు వచ్చింది. వెళ్ళేసరికి ఆమె కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది, నోట నురుగు. ఎవరో చేతిలో ఇనుప తాళంచెవులు పెట్టారు. "గాలి సోకింది, వెళ్ళగొట్టండి అయ్యగారూ" అన్నారు. నిజం చెప్పాలంటే, ఒక క్షణం మేమూ ఆలాగే తలంచాము. అంతలో మా స్త్రీల సమాజములోని ఆశా కార్యకర్త పరుగున వచ్చి, "దయ్యమూ కాదు, ఏమీ కాదండీ. ఇది గుర్రపు వాతం" అని ఆమెను ఎడమ ప్రక్కకు తిప్పి, నోటిలో ఏమీ పెట్టవద్దని చెప్పి, 108కి ఫోను చేయించింది.

"కార్డేదీ?" అని అడిగింది. ఆ బైబిలులోనే ఉన్నది. ఏడో నెలలో రక్తపోటు 140/90 అనీ, వారంలో మళ్ళీ రావాలనీ అందులో వ్రాసి ఉన్నది. ఎవరూ మళ్ళీ తీసుకువెళ్ళలేదు. ముందటి సాయంకాలం కీర్తనకు అడ్డుగా ఉందని దానిని వెనుక అట్టలోకి జరిపినది మేమే.

ఆరోగ్య కేంద్రంలో మెగ్నీషియం సల్ఫేటు ఇంజెక్షను ఇచ్చి పెద్దాసుపత్రికి పంపారు. తల్లి దక్కింది. నెలలు నిండకుండా తీసిన బిడ్డ ఆరవ దినమున ప్రభువునొద్దకు వెళ్ళిపోయింది. ఆ చిన్న పెట్టెను మేమే భూస్థాపన చేశాము. ఎఫ్రాతా మార్గములో రాహేలు కానుపులో మరణించిన భాగముమీద అంతకుముందు ఎన్ని ప్రసంగాలు చేశామో!

తరువాత డాక్టరమ్మగారు మమ్ములను కూర్చోబెట్టి వివరించారు. ఇరవై వారాలు దాటాక రక్తపోటు 140/90 గాని ఆపైన గాని ఉండి, మూత్రంలో ప్రొటీను పోతుంటే దానిని ప్రీ ఎక్లాంప్సియా అంటారు. అది ముదిరితే వచ్చే ఫిట్సే గుర్రపు వాతం. మాయ గర్భసంచిలో సరిగా నాటుకోకపోవడం దీనికి మూలమట. తొలిచూలు వారికి, కవలలు ఉన్నవారికి, బీపీగాని షుగరుగాని ముందే ఉన్నవారికి, తల్లికో అక్కచెల్లెళ్ళకో వచ్చి ఉన్నవారికి ముప్పు ఎక్కువ. పాదాల వాపు చాలామందికి ఉంటుంది. మొహము, చేతులు హఠాత్తుగా వాచడం, తగ్గని తలనొప్పి, చూపు మసక, కుడి ప్రక్కటెముకల క్రింద నొప్పి మాత్రం ఒక్క పూట కూడా ఆగవలసినవి కావు. ఉప్పు మానినంత మాత్రాన ఇది తగ్గదు. బీపీ మాత్రలు అదుపులో ఉంచుతాయి గాని అసలు విరుగుడు కాన్పే. అది ఎప్పుడో డాక్టర్లు తేల్చాలి. కాన్పయ్యాక కూడా ఆరు వారాలవరకు జాగ్రత్త అవసరం. అన్నిటికంటె చిక్కేమంటే, మొదట్లో ఏ బాధా తెలియదు. బీపీ, మూత్రం పరీక్ష చేయిస్తేనే బయటపడుతుంది.

ఆ సహోదరికి ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. పన్నెండవ వారం దాటినప్పటినుండి డాక్టరమ్మగారు వ్రాసిన చిన్న ఆస్పిరిన్ మాత్ర రోజూ వేసుకుంటోంది, కాల్షియం కూడా. (ఆస్పిరిన్ ఎవరికివారు కొని వేసుకోరాదు.) కడుపుతో ఉండగా ఇన్ని మాత్రలేమిటని అత్తగారు అభ్యంతరపడితే మేము రెండుసార్లు వెళ్ళి మాట్లాడవలసి వచ్చింది.

ప్రార్థనకు వచ్చేటప్పుడు ఆమె కార్డు తెస్తుంది. మొన్న ఆదివారం 118/76 అని చూపించింది. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు గదా. ఈసారి ఆమె భర్త పనిమీద ఊరిలో ఉండడం లేదు. ఆరాధన అయ్యాక ఆటో మాట్లాడి, తోడు వెళ్ళేవారిని కుదిర్చాము.