పసుపు వైరు, నలభై ఆరు వేలు

మా నాన్నకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఏలూరులో మా ఇంట్లో రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక పాత సినిమా పెట్టించుకుంటారు. పోయినేడాది డీవీడీ ప్లేయర్ లెన్సు పోయింది. పాత డీవీడీలు కూడా ప్లే అవుతాయి కదా అని తొమ్మిది వేలు పెట్టి బ్లూ-రే ప్లేయర్ తెచ్చాను. ఇంటికొచ్చి వెనక్కి తిప్పి చూస్తే, బొమ్మకీ మాటకీ కలిపి రెండే సాకెట్లు. ఒకటి హెచ్‌డీఎంఐ, రెండోది నారింజ రంగుది. హోమ్ థియేటర్ స్పీకర్లని నడిపే మా రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ లేదు. అది 2005లో కొన్నది.

దాని సంగతి కొంత చెప్పాలి. అప్పట్లో నాన్నకి కొల్లేటి సరస్సులో చేపల చెరువులో వాటా ఉండేది. శీలావతి, బొచ్చె బాగా పడిన ఏడాది, ఆ ధైర్యంతో నేను ఆఫీసు సొసైటీలో లోను పెట్టి ఇరవై నాలుగు వేలకి హోమ్ థియేటర్ కొన్నాను. మరుసటి ఏడే 2006. సుప్రీంకోర్టు ఆదేశాల మీద ఐదో కాంటూరు (సరస్సు హద్దు గీత) లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. కొల్లేరు బతకాలంటే అది జరగాల్సిందేనని ఇప్పుడు నమ్ముతాను. ఆ రోజు మాత్రం మాకు చెరువు పోయింది, మేత అప్పు మిగిలింది. అది తీరడానికి ఐదేళ్లు పట్టింది. బండి అమ్మాను, మా ఆవిడ గాజులు కుదువ పెట్టాం. రిసీవర్ కూడా అమ్మేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. "పోయినవి చాల్లేరా, ఉన్నదుండనీ" అన్నారు.

అలాంటి పెట్టెని మార్చాలా అని అడగడానికి ఒక షాపుకి వెళ్లాను. "ఇది పనికిరాదండీ, కొత్త రిసీవర్ తీసుకోండి" అన్నాడు కుర్రాడు. రొక్కానికైతే నలభై ఆరు వేలు. వాయిదాల్లో అయితే పన్నెండు నెలలకి నలభై తొమ్మిది వేలు, ఫైలు ఖర్చు ముందే ఐదొందలు. వడ్డీ సున్నా అని బోర్డు. నేను ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. నిజంగా నా చేతికి అందే సాయం నలభై ఐదు వేల ఐదొందలు, నేను కట్టేది నలభై తొమ్మిది వేలు. అసలు నెలనెలా తరిగిపోతూ ఉంటుంది కాబట్టి ఏడాదికి సుమారు పద్నాలుగు శాతం పడుతుంది. మా వైపు లెక్కలో నెలకి నూటికి దాదాపు రూపాయి ఇరవై పైసలు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి స్పష్టంగా చెప్పింది. వదులుకున్న తగ్గింపు కూడా వడ్డీయే. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, 2005 నాటి లోనుకి ఈ లెక్క వేసుకోలేదు.

తాడేపల్లిగూడెంలో మా బావగారిది ఉల్లిపాయల వ్యాపారం. ఫోన్లో విషయం చెబితే, "బస్తాలో నాలుగు కుళ్ళితే బస్తా పారేస్తామేంటి బావా, గుమ్మరించి ఏరతాం. ఆ పెట్టెలో ఏది పాడైందో ముందు చూపించుకో" అన్నారు. ఆదివారం తనకి తెలిసిన రేడియో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. పెద్దాయన రిసీవర్ వెనక వేలు పెట్టి నారింజ సాకెట్ చూపించారు. కోయాక్సియల్, అంటే శబ్దాన్ని డిజిటల్‌గా పంపే దారి. ప్లేయర్‌కీ అదే ఉంది.

"బొమ్మ టీవీకి పంపండి, మాట దీనికి పంపండి. రెండూ ఒకే దారిన రావాలని ఎవరన్నారండీ?"

వైరు ఎంతన్నాను. ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్‌తో వచ్చిన పసుపు వీడియో వైరు ఉంటే చాలన్నారు. దాని ఇంపిడెన్స్ 75 ఓములు, కోయాక్సియల్‌కి కావలసిందీ అదే. అటక మీద అట్టపెట్టెలో దొరికింది.

మొదటిసారి రెండు స్పీకర్లే పలికాయి. ప్లేయర్ మెనూలో డిజిటల్ ఆడియో పీసీఎమ్‌గా ఉంది. ఆ దారిలో పీసీఎమ్ రెండు చానళ్లకి మించి పోదు. బిట్‌స్ట్రీమ్‌కి మార్చి, ఆడియో మిక్స్ ఆపేస్తే డాల్బీ డిజిటల్, డీటీఎస్ ఆరు చానళ్లూ వచ్చాయి. పాత రిసీవర్ మీద ఉన్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం వీడియో సాకెట్లు ఇక ఖాళీయే. కాపీల భయంతో పెట్టిన ఒప్పందం ప్రకారం 2013 తర్వాత బ్లూ-రే ప్లేయర్లకి అనలాగ్ వీడియో సాకెట్లు ఉండకూడదు. ట్రూహెచ్‌డీ లాంటి పూర్తి నాణ్యత శబ్దం కూడా ఈ వైరులో పట్టదు. ఇంటి కప్పుకి స్పీకర్లు బిగించి అట్మాస్ వినాలనుకునేవారికి కొత్త రిసీవర్ సబబే. మా ఇంట్లో నడిచేది 1957 నాటి 'మాయాబజార్'. దాని శబ్దం మోనో. రిసీవర్‌లో ప్రొలాజిక్ పెడితే ఆ మాటంతా టీవీ కిందున్న సెంటర్ స్పీకర్‌లోకి చేరుతుంది. ఆ స్పీకర్ ఒక్కదాన్నే మూడు డెసిబెల్స్ పెంచాను.

"ఇప్పుడు మాట తెలుస్తోందిరా" అన్నారు నాన్న. ఇన్నాళ్లూ తెలియలేదా అని అడిగాను. టీవీయే కాదు, ఫోనూ సరిగా వినబడటం లేదని అప్పుడు చెప్పారు. రిసీవర్ కోసం తీసి ఉంచిన డబ్బు బ్యాంకులో అలాగే ఉంది. మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పరీక్షకీ చెవి మిషనుకీ కలిపి ముప్పై ఎనిమిది వేలయింది, రొక్కంగానే కట్టాను.

మిషను పెట్టుకున్న రాత్రి అదే సినిమా మళ్లీ వేశాం. పది నిమిషాలయ్యాక నాన్న చెయ్యెత్తారు. "ఆ మధ్య స్పీకరు కాస్త తగ్గించరా, మరీ గట్టిగా ఉంది."