తోడు

మాది ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా. మా అమ్మాయి పెంచుతున్న రెండు ఆడ గినీ పందులలో ఒకటి నిరుడు చనిపోయింది. రెండవది గడ్డి సగమే తినేది. రాత్రి యార్డులో గూడ్సు పెట్టెల చప్పుడుకు ఉలిక్కిపడేది. ఇవి గుంపుగా బతికే జీవులు. స్విట్జర్లాండులో వీటిని ఒంటరిగా పెంచరాదని 2008లో నియమమే చేశారు!

ఆదివారం లోకల్ బండిలో హౌరా చేరి, కోల్‌కతా గాలిఫ్ వీధి సంతలో వెతికి ఆడదానినే కొన్నాను. మగదైతే ఇల్లంతా పిల్లలే కదా!

"పోయినదానికి బదులా, నాన్నా?" అంది అమ్మాయి. నాకు జవాబు తోచలేదు.

జబ్బులు అంటకుండా రెండు వారాలు వేరే పెట్టెలో ఉంచాం. తరువాత రెండింటినీ వరండాలో వదిలాం. అది రెండింటికీ కొత్త చోటే. పాతది పళ్లు కటకటలాడించింది. కొత్తది వెనక్కు తగ్గింది. మూడవ రోజున ఒకే జామకాయ ముక్కను చెరోవైపు కొరుకుతూ కనిపించాయి.

కొత్తదానికి అమ్మాయి ఇంకా పేరు పెట్టలేదు.