పాలరాతి పందిరి

న్యూయార్క్‌లో ఫిఫ్త్ అవెన్యూ మొదలయ్యే చోట, వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో ఓ పాలరాతి తోరణం ఉంది. దాని దర్జా చూసి సర్కారు ఖజానా తెరిచి కట్టించిందనుకుంటాం. కానీ అది చందాల కట్టడం. జార్జి వాషింగ్టన్ తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేసి 1889కి నూరేళ్లు. ఆ వేడుకకని విలియం రైన్‌లాండర్ స్టివర్ట్ అనే పెద్దమనిషి ఇరుగుపొరుగుల దగ్గర 2,765 డాలర్లు పోగుచేశాడు. స్టాన్‌ఫర్డ్ వైట్ అనే ఆర్కిటెక్ట్ చెక్కతో, ప్లాస్టర్‌తో వీధికి అడ్డంగా కమాను నిలబెట్టాడు. పెళ్లయ్యాక పందిరి విప్పినట్టు దాన్నీ విప్పేయాల్సిందే. జనానికి మనసొప్పలేదు. మళ్లీ చందాలు పట్టారు. పియానో విద్వాంసుడు పాడెరెవ్‌స్కీ కచేరీ చేసి మరీ డబ్బిచ్చాడు. రాతి తోరణం ఆవిష్కరణ 1895లో జరిగింది.

పునాదులు తవ్వుతుంటే శవపేటికలు, ఎముకలు బయటపడ్డాయట. పడవూ మరి? 1797 నుంచి 1825 దాకా అది దిక్కులేనివాళ్లను పాతిపెట్టిన నేల. వేలమంది ఇప్పటికీ ఆ పచ్చిక కిందే ఉన్నారు.

ఉత్తరం వైపు వాషింగ్టన్ ఒకరు కాదు, ఇద్దరు: సేనాని ఒకరు, అధ్యక్షుడు ఒకరు. 1916లో ఒకటి, 1918లో ఒకటి వచ్చిన విగ్రహాలు. నాకైతే వాటికన్నా పడమటి స్తంభానికున్న చిన్న తలుపే ఆసక్తి. లోపల మెలికలు తిరిగే మెట్లున్నాయి, మామూలు జనాన్ని ఎక్కనివ్వరు. 1917 జనవరిలో ఓ చలిరాత్రి గెర్‌ట్రూడ్ డ్రిక్ అనే కవయిత్రి, చిత్రకారులు మార్సెల్ డ్యుషాంప్, జాన్ స్లోన్, వాళ్లతో పాటు ముగ్గురు నటులు ఆ మెట్లెక్కి పైకి పోయారు. లాంతర్లు వేలాడదీసి, బెలూన్లు కట్టి, బొమ్మ తుపాకులు పేల్చి, పార్కు చుట్టూ ఉన్న తమ పేట గ్రీనిచ్ విలేజ్ ఇకపై స్వతంత్ర రిపబ్లిక్ అని ప్రకటించేశారు! స్లోన్ ఆ రాత్రిని ఎచింగ్‌గా కూడా మిగిల్చాడు.

పార్కుకు అసలు గండం తర్వాత మోటారు బళ్ల నుంచి వచ్చింది. బస్సులు తోరణం దగ్గరే తిరుగుతుంటే, అది చాలదన్నట్టు పార్కు నడుమ నుంచి పెద్ద రోడ్డు వేస్తానన్నాడు నగర పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్. ఆ రోజుల్లో ఆయన మాటకు ఎదురుండేది కాదు. నలుగురు పిల్లల తల్లి షర్లీ హేస్ ఎదురు నిలిచింది, రచయిత్రి జేన్ జేకబ్స్ తోడైంది. సంతకాలు, సభలు, ఏళ్ల తరబడి విసుగెత్తించే ఉత్తరాలు. ఆఖరికి 1958 నవంబరులో కార్లకు దారి మూసేశారు. ఆ పూట అక్కడ రిబ్బన్ కత్తిరించలేదు, ముడి వేశారు.