ఊగింది హ్యాండిలు, వదులైంది పునాది

గోదావరిఖని నుండి మంథని వైపు బయలుదేరితే, ఎనిమిదవ ఇంక్లైన్ కాలనీ దాటిన తరువాత సెంటినరీ కాలనీ వస్తుంది. 1889లో ఇల్లెందు ప్రాంతంలో మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకానికి నూరేళ్లు నిండిన జ్ఞాపకం ఆ పేరులో ఉన్నది. వరుసగా కార్మికుల క్వార్టర్లు, ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టలు, దూరాన రామగిరి కొండ. షిఫ్టు మారే వేళ రోడ్డు నిండా మోటారు సైకిళ్లే. భర్త, భార్య, మధ్యలో బిడ్డ. ఒక్కొక్క బండి మీద ఒక్కొక్క కుటుంబమే కదులుతుంది.

ఒక సాయంకాలం ప్రార్థన కూడిక కొరకు మా ఇల్లాలితో కలిసి మేము ఆ దారిన వెళ్తున్నాము. వేగం 55 దాటగానే హ్యాండిలు కుడి ఎడమలకు కొట్టుకోసాగింది. ఎదుట బొగ్గు లారీ. భయపడి ముందు బ్రేకు నొక్కాము. ఊపు మరింత పెరిగింది. బ్రేకు వదిలి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించగా దేవుని కృపవల్ల బండి నిలకడకు వచ్చింది.

అంతకు రెండు వారాల ముందే చైను, స్ప్రాకెట్లు మార్పించాము. అప్పటి నుండి మా ఇల్లాలు, "ఏవండీ, వెనుక సీటు పక్కకు జరుగుతున్నట్టున్నది" అంటూనే ఉన్నది. మేము వినలేదు. హ్యాండిలు కొద్దిగా ఊగుతున్నదని వేరొక ఊరిలో కోన్ సెట్ మాత్రం మార్పించాము. డబ్బు పోయింది, ఊపు పోలేదు.

కాలనీలోని మెకానిక్ తమ్ముడు మా మాట విని, అమ్మగారి మాట కూడా అడిగి విన్నాడు. "అమ్మగారు చెప్పిందే నిజం అయ్యగారూ. ముందట ఊగితే రోగం ముందటనే ఉంటదా?" అన్నాడు.

అతడు విడి భాగాల పెట్టె తెరవలేదు. మొదట రెండు టైర్లలో గాలి చూశాడు. డబుల్ స్టాండు వేసి, చక్రాలను పైన, కింద పట్టుకొని కదిపి బేరింగులు చూశాడు. చక్రం తిప్పుతూ రిమ్ము పక్కన సుద్దముక్క నిలిపి వంకర ఉందేమో చూశాడు. అన్నీ బాగున్నవి.

తరువాత పొడవైన దారం తెచ్చి, వెనుక టైరు చుట్టూ వేసి, రెండు వైపులా ముందు చక్రం దాకా బిగువుగా లాగించాడు. హ్యాండిలు తిన్నగా ఉన్నప్పుడు ముందు టైరుకు, దారానికి మధ్య ఖాళీ రెండు వైపులా సమానంగా ఉండాలి. మా బండికి ఒకవైపు దారం టైరును తాకుతున్నది, మరొకవైపు వేలు దూరేంత సందు. చైను బిగించినప్పుడు ఒక పక్క అడ్జస్టరును ఎక్కువ తిప్పారు. వెనుక చక్రం ఒక దారి, ముందు చక్రం ఒక దారి.

దానిని సరిచేసి, బండిని న్యూట్రల్‌లో ఉంచి రేజ్ చేశాడు. నిలిచి ఉన్న బండిలోనే ఫుట్‌రెస్టులు అదిరినవి. "చక్రం తిరగకుండ అదిరితే ఇంజను దిక్కు చూడాలె" అంటూ ఫౌండేషన్ బోల్టుల మీద టార్చి వేశాడు. ఒక బోల్టు చుట్టూ ఎర్రని తుప్పు పొడి. వదులై, లోలోపల రాసుకుంటున్నదన్న మాట. చాలా బండ్లలో ఇంజను ఛాసిస్‌కు బరువు మాత్రమే కాదు, బలం కూడా. దానిని పట్టే బోల్టులు వదులైతే ఛాసిస్ గట్టిదనం తగ్గి, చిన్న వంకర కూడా పెద్ద ఊపుగా మారుతుంది. అరిగిన బోల్టును మార్చి, కొలత ప్రకారం బిగించాడు.

తిరుగు ప్రయాణంలో బండి నీటి మీద పడవవలె సాగింది. మా ఇల్లాలు ఏమీ అనలేదు. మేమే దారిలో బండి ఆపి, క్షమించమని అడిగాము.

ప్రియమైన కుటుంబ పెద్దలారా, చైను గాని చక్రం గాని విప్పిన ప్రతిసారీ దారంతో వరుస చూపించుకొనండి. ఊపు వస్తే గట్టిగా బ్రేకు వేయకండి. యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి. బాగయ్యే వరకు పిల్లలను ఎక్కించకండి. వెనుక కూర్చున్నవారి మాట తీసివేయకండి. ఇసుక మీద ఇల్లు కట్టిన వాని సంగతి ఎన్నో ఆదివారాలు ప్రసంగించిన మేము, పునాది వదులైన సంగతి మా వెనుక కూర్చున్న మనిషి నోట విని కూడా వినలేకపోయాము.