చేతుల మాట వేరు, ఒంటి మాట వేరు

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆవకాయ ముక్కలకి జీడి తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను. ఫోను మోగింది. మా చెల్లెలి కూతురు. రాజమండ్రిలో ఓ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి ఇంకా ఏడాది కాలేదు.

"పెద్దమ్మా, నువ్వూ ఒకప్పుడు నర్సువే కదా. ఒక మాట అడుగుతాను, అమ్మకి చెప్పకు" అంది.

ఆడపిల్ల అలా మొదలెడితే గుండె గుభేలుమంటుంది కదండీ. తీరా చూస్తే, తనతో డ్యూటీ చేసే అమ్మాయి సంగతి. ఇద్దరికీ ఒకే వార్డు. ఆ అమ్మాయి దగ్గరకొస్తే చెమట వాసన. వేసిన యూనిఫాం మూడేసి రోజులు వేస్తుంది. పేషెంట్ల తాలూకు వాళ్లు ముక్కు తిప్పుకుంటున్నారు. అంతటితో ఆగితే ఓర్చుకునేదే. అడక్కుండా మావాడి టవలు వాడేస్తుంది, దువ్వెన తీసుకుంటుంది, మంచినీళ్ల సీసా నోటికి కరిపించి తాగుతుంది. దీనికి వస్తున్న సంబంధాల కబుర్లన్నీ పేషెంట్ల అటెండర్లకి చెప్పేస్తుంది. (మావాడు అన్నానని కంగారు పడకండి, మా ఇంట్లో ఆడపిల్లల్ని ముద్దుగా అలాగే అంటాం.)

"ఇవన్నీ సర్దుకుపోతున్నాను పెద్దమ్మా. కానీ నిన్న నాలుగో బెడ్డు పుండుకి డ్రెస్సింగ్ చేసి, అవే గ్లౌజులతో ఐదో బెడ్డు ఆవిడ సెలైన్ సూది సరిచేసింది. నేను చూస్తూ ఉండిపోయాను. ఇంచార్జి సిస్టర్‌కి చెబితే దాని ఉద్యోగం పోతుందేమో. చెప్పకపోతే నాకు నిద్ర పట్టట్లేదు."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సాయంత్రం మళ్లీ చేస్తానన్నాను. ఎందుకంటే ఈ పరీక్షలో నేను ఒకసారి తప్పాను.

పెళ్లికి ముందు నాలుగేళ్లు ఈ జిల్లాలోనే ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేశాను. నాతో నైట్ డ్యూటీకి ఒకావిడ ఉండేది. ఆవిడ దగ్గరా ఇదే వాసన, ఇదే చనువు. నా స్వెట్టర్ వేసేసుకునేది, నా టిఫిన్ డబ్బా తెరిచేది. వద్దని చెప్పడానికి మొహమాటం. ఆ మొహమాటమంతా లోపల కోపమై కూర్చుంది. మిగతా వాళ్లతో కలిసి వెనకాల నవ్వుకునేదాన్ని, ఆవిడ రాగానే పౌడరు జల్లుకునేదాన్ని. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఒక రోజు సిద్ధాంతం దగ్గర నుంచి వచ్చిన పెద్దాయనకి ఆపరేషన్ అయింది. ఆవిడ పక్క బెడ్డు యూరిన్ బ్యాగు ఖాళీ చేసి, చేతులు కడుక్కోకుండా వచ్చి ఆయన కట్టు మీద చెయ్యి వేసింది. ఆర్నెల్ల కోపం ఒక్కసారి బయటికొచ్చింది. "స్నానం ఎలాగూ చెయ్యవు, చేతులైనా కడుక్కోవా?" అని వార్డు మధ్యలో అరిచాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ మారు మాట్లాడకుండా వెళ్లి చేతులు కడుక్కొచ్చింది.

నేను గెలిచానండీ. కానీ ఆ తర్వాత ఆవిడ నన్ను ఏదీ అడగడం మానేసింది. ఒక రాత్రి ఎవరికో సెలైన్ నరం తప్పి చెయ్యి వాస్తుంటే, నేను పక్క గదిలోనే ఉన్నా పిలవలేదు. తనే తంటాలు పడింది. తెల్లారేసరికి ఆ చెయ్యి బూరెలా పొంగింది. దేవుడి దయవల్ల తగ్గిపోయింది గానీ, ఆ వాపులో నా నోటికీ వాటా ఉంది.

మరి కొన్నాళ్లకి ఆయామ్మ చెప్పింది. ఆవిడ అద్దెకుంటున్న గదిలో బోరు నీళ్లు ఉప్పన. వేసవిలో కాలువలు కట్టేశాక కుళాయి రెండు రోజులకోసారి. యూనిఫాంలు రెండే, అందులో ఒకటి చిరిగిపోయింది. జీతం చాలావరకు ఇంటికే పంపేది. పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నాం, ఒక్కసారీ నేను అడగలేదు.

నర్సింగ్ చదివేటప్పుడు సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కథ చెప్పారు. 1847లో వియన్నా ఆసుపత్రిలో రెండు ప్రసవ విభాగాలుండేవి. మంత్రసానులు చూసేదాని కంటే డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసేదాంట్లో బాలింతలు ఎక్కువమంది జ్వరంతో చనిపోయేవారు. శవాలు కోసిన చేతులతోనే వచ్చి వీళ్లని ముట్టుకోవడమే కారణమని ఆయన పట్టుకున్నాడు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో వందకి 18 మంది పోతే, జూన్‌కి రెండుకి దిగింది. అయినా చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. "మా చేతులు మురికా?" అన్న అవమానం వాళ్లది. తర్వాత ఆయన కోపం పట్టలేక తోటి డాక్టర్లని హంతకులంటూ బహిరంగంగా ఉత్తరాలు రాశాడు. ఇంకా దూరమైపోయారు. ఆయన చెప్పింది నిజమే. అయినా నిజం ఒక్కటీ సరిపోలేదు.

సాయంత్రం దానికి ఫోన్ చేసి చెప్పాను. "నువ్వు మూడు విషయాల్ని ఒకే మూట కట్టావమ్మా. ముందు విడదియ్యి.

గ్లౌజులు, చేతులు పేషెంటు ప్రాణానికి సంబంధించినవి. అక్కడ మొహమాటం పనికిరాదు, ఆ క్షణంలోనే చెప్పాలి. అరవక్కర్లేదు. కొత్త జత చేతికిచ్చి 'ఇవి వేసుకో అక్కా' అను. వినకపోతే ఇంచార్జికి చెప్పు, అది చాడీ కాదు. పేషెంటుని ముట్టుకునే ముందూ తర్వాతా, శుభ్రంగా చెయ్యాల్సిన పనికి ముందు, రక్తమో మూత్రమో తగిలే పని తర్వాత, మంచం చుట్టుపక్కల వస్తువులు ముట్టుకున్నాక చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది కదా. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు. గ్లౌజు తీశాక కూడా కడగాల్సిందే. అది నీ మాట కాదు, రూలు.

టవలు, దువ్వెన, సంబంధాల కబుర్లు నీకు సంబంధించినవి. 'నా వస్తువులు నేనే వాడుకుంటాను, నా ఇంటి విషయాలు వార్డులో చెప్పొద్దు' అని ఒక్కసారి సూటిగా చెప్పు. నవ్వుతూ చెబితే వేళాకోళం అనుకుంటుంది.

ఒంటి వాసన ఆ అమ్మాయికి సంబంధించినది. అది ఇద్దరే ఉన్నప్పుడు చెప్పాలి. చెప్పే ముందు 'హాస్టల్లో నీళ్లొస్తున్నాయా, ఒంట్లో బాగుంటోందా' అని అడుగు. జవాబు విన్నాక చెప్పు."

"చేతులు కడుక్కోమంటే బాధపడదా?" అంది.

"ఆవకాయ కలిపేటప్పుడు మీ అమ్మమ్మ 'చెయ్యి తడి లేదు కదా' అని పదిసార్లు అడిగేది. ఎవరైనా బాధపడ్డామా? అడిగేది జాడీ కోసమని అందరికీ తెలుసు" అన్నాను.

బుధవారం మళ్లీ చేసింది. గ్లౌజులు ఇస్తే ఆ అమ్మాయి నాలిక కరుచుకుని మార్చుకుందిట. టవలు సంగతి చెబితే ముఖం ముడుచుకుని రెండు రోజులు మాట్లాడలేదుట, కానీ మళ్లీ ముట్టుకోలేదు. మూడోది చెప్పడానికి ఇంకా ధైర్యం చాల్లేదుట. పోనీలే, నీళ్ల సంగతి అడిగిందిట. ఆ ఫ్లోర్‌లో పన్నెండు మందికి ఒకటే బాత్రూం, నైట్ దిగి వచ్చేసరికి టాంకు ఖాళీ అంది ఆ అమ్మాయి. ఇద్దరూ కలిసి వార్డెన్‌తో మాట్లాడదామనుకుంటున్నారు.

నాతో పనిచేసినావిడ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. అమ్మవారి గుడికి వెళ్లినప్పుడు, బజారులో ఎవరైనా ఆ పోలికలో కనిపిస్తే ఆగి చూస్తాను. క్షమాపణ చెప్పడం బాకీ ఉండిపోయింది.

మీ ఇంట్లో నర్సు కోడలో, కూతురో ఉంటే ఒక్క పని చెయ్యండి. నైట్ దిగి వచ్చే వేళకి ఒక బకెట్ వేణ్ణీళ్లు, ఉతికిన యూనిఫాం సిద్ధంగా ఉంచండి. వంట కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు.