సెమాక్స్‌కీ సెలాంక్‌కీ పోటీ పెట్టే ముందు

ఏకాగ్రతకు సెమాక్స్, ఆందోళనకు సెలాంక్ అని ఈమధ్య తేలిగ్గా తేల్చేస్తున్నారు. రెండూ మాస్కోలో మాలిక్యులర్ జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టినవే. రెండూ ఏడేసి అమైనో ఆమ్లాల పెప్టైడ్లే, ముక్కులో చుక్కలుగా వేసుకునేవే. సెమాక్స్ ఏసీటీహెచ్ హార్మోన్‌లోని ఓ ముక్కకు నకలు, సెలాంక్ రోగనిరోధక వ్యవస్థలోని టఫ్ట్‌సిన్‌కు. ఒంట్లో చటుక్కున విరిగిపోకుండా రెండింటి చివరా ప్రోలిన్, గ్లైసిన్, ప్రోలిన్ తగిలించారు (తెలివైన పనే, ఒప్పుకోవాలి). కానీ సెమాక్స్‌ను రష్యాలో ముఖ్యంగా వాడేది పక్షవాతం వచ్చినవాళ్లకు. దెబ్బతిన్న మెదడు కోలుకోవడానికి సాయపడే మందు, బాగున్న మెదడుకు పదును పెడుతుందని ఎలా అనుకుంటాం? సెలాంక్ ఆధారం కాస్త నయం. 2008లో అచ్చయిన రష్యన్ అధ్యయనంలో, 62 మంది రోగుల మధ్య పోల్చినప్పుడు, ఆందోళన తగ్గించడంలో అది మెడజెపామ్ అనే ఆందోళన మందుకు దీటుగా నిలిచింది. నీరసాన్నీ తగ్గించిందన్నారు. అయితే అంత చిన్న గుంపులో అరుదైన దుష్ప్రభావాలు బయటపడకపోవడం వింతేమీ కాదు.

"రష్యాలో ఏళ్లుగా మందుల షాపుల్లో అమ్ముతున్నారుగా" అంటారు. నిజమే. ఆ అనుభవం మందుగా తయారైన సీసాది, డాక్టరు చూస్తున్న రోగిది. 'పరిశోధనకు మాత్రమే' అని లేబుల్ వేసి ఆన్‌లైన్‌లో అమ్మే పొడికి ఆ పరపతి ఎలా అంటగడతాం? అందులో ఏముందో, ఎంతుందో చెప్పే పూచీ ఎవరిదీ కాదు.